పాత కారును ఫొటో షూట్‌కు ఇస్తున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో పాత కార్లను బాగుచేసే షెడ్డు నాది. ఎక్కువగా అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు వస్తాయి, అప్పుడప్పుడు ఒక విల్లీస్ జీపు. హైదరాబాద్ నుంచి పత్రికలవాళ్లు, పెళ్లి ఫొటోలవాళ్లు ఈ బండ్లను వెతుక్కుంటూ ఇటువైపు వస్తుంటారు. బండి ఇచ్చేముందు యజమాని నాకు ఒకసారి ఫోన్ చేస్తాడు, ఇచ్చిన మర్నాడు మరోసారి చేస్తాడు. మొదటి ఫోన్‌లో అంతా ఉత్సాహమే. రెండో ఫోన్‌లో వినిపించే సంగతుల్లో చాలావాటికి మూలం ఆ మొదటి ఫోన్‌లోనే ఉంటుంది. అందుకే అక్కడ తరచుగా వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: నిలబెట్టి తీసే ఫొటోలే కదా, బండికి ఏం కష్టం?

పాత బండికి నడవడం కంటే నిలబడటమే కష్టం. షూట్‌లో దెబ్బతిన్న కార్లలో రోడ్డు మీద దెబ్బతిన్నవి తక్కువ. ఆగి ఉన్నచోటే పాడైనవి ఎక్కువ.

ఇంజన్ ఆన్‌లో ఉండి కారు కదలకపోతే రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు. ఈ బండ్లలో ఫ్యాను ఇంజన్ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి, ఐడ్లింగ్‌లో అది కూడా మందగిస్తుంది. గాలి ఎక్కువగా కావలసినప్పుడే తక్కువ అందుతుందన్నమాట. మే నెలలో ఇక్కడ ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. ముందు వేడి చూపించే ముల్లు పైకి పోతుంది. ఆ తరువాత పెట్రోలు పైపులోనే ఆవిరవుతుంది, పంపు దాన్ని లాగలేదు, ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. పాత డ్రైవర్ల వైద్యం ఇప్పటికీ పనిచేస్తుంది. బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద, కార్బురేటర్‌కు వెళ్లే పైపు మీద తడిగుడ్డ చుట్టి, ఓపికగా కూర్చోవాలి. ఆ సమయంలో రేడియేటర్ మూత మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. సాయం చేయాలన్న తాపత్రయంతో మూత తిప్పే మనిషి ప్రతి షూట్‌లోనూ ఒకడుంటాడు.

రెండో సంగతి బ్యాటరీ. సాయంత్రం వెలుగులో హెడ్‌లైట్లు వెలిగించి తీస్తే ఫొటో బాగుంటుంది, నిజమే. కానీ పాత అంబాసిడర్లలో ఉండేది ఆల్టర్నేటర్ కాదు, డైనమో. ఐడ్లింగ్‌లో డైనమో నుంచి ఛార్జింగ్ దాదాపు రాదు. డాష్‌బోర్డు మీద ఆ చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉందంటే బ్యాటరీలోకి ఏమీ రావడం లేదని అర్థం. రెండు హెడ్‌లైట్లు కలిసి ఏడెనిమిది ఆంపియర్లు లాగేస్తుంటాయి. వాళ్లు కోణం మార్చుకుని, లెన్సు మార్చుకుని, టీ తాగి వచ్చేసరికి సెల్ఫ్ మోటారు టక్‌మని ఊరుకుంటుంది. లైట్లు వెలిగించిన ఫొటో ఒకటి తీసుకుని తక్కినవి లైట్లు ఆర్పి తీయమనండి. రెండింటినీ కంప్యూటర్‌లో కలపడం వాళ్లకు రోజూ ఉండే పనే.

మూడోది క్లచ్. "అన్నా, రెండడుగులు వెనక్కి… ఆఁ, ఒక్క అడుగు ముందుకు." ఈ మాట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వినిపిస్తుంది. ప్రతిసారీ ఇంజన్ స్టార్ట్ చేసి హాఫ్ క్లచ్‌లో కదిలిస్తే ప్లేటు కాలిన వాసన వస్తుంది. అంత చిన్న కదలికకు నలుగురు కలిసి తోయడమే మంచిది. ఎక్కడ తోయాలో మాత్రం ముందే చూపించండి. తలుపు తెరిచి తలుపు పక్కనున్న స్తంభం దగ్గర ఒకరు, అటువైపు మరొకరు, వెనక డిక్కీ కింది అంచు దగ్గర ఇద్దరు. అరచేయి మొత్తం ఆనించాలి. మడ్‌గార్డు మధ్యలోగానీ, డిక్కీ మూత మధ్యలోగానీ వేళ్లతో తోస్తే రేకు లోపలికి పోతుంది. ఆ సొట్ట మధ్యాహ్నం ఎండలో కనిపించదు. మర్నాడు పొద్దున ఏటవాలు వెలుగులో కనిపిస్తుంది. నాకు రెండో ఫోన్ వచ్చేది అప్పుడే.

కోత కోసిన వరి మడిలో కారు నిలపమంటే ఒప్పుకోకండి. వేడెక్కిన సైలెన్సర్ కింద ఎండు గడ్డి ఉంటే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు, ఫొటోగ్రాఫర్‌కు చెప్పాలి.

అపోహ: వేగంగా దూసుకుపోతున్నట్టు ఫొటో రావాలంటే వేగంగా నడపాలి.

ఈ భయంతోనే చాలామంది బండి ఇవ్వరు. నిజానికి ఈ పనిలో నాకు ముచ్చటేసే విషయం ఇదే. చక్రాలు గిర్రున తిరుగుతూ, రోడ్డు గీతల్లా సాగిపోతూ కనిపించే ఫొటోల్లో చాలావాటిని కారును మనిషి నడక వేగంతో తోస్తూ, ఇంజన్ కూడా ఆపేసి తీస్తారు. ఒక పొడవాటి గొట్టాన్ని కారుకు బిగించి, దాని చివర కెమెరా పెట్టి, షట్టర్‌ను ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉంచుతారు. కెమెరా కారుతో పాటే కదులుతుంది కాబట్టి కారు స్పష్టంగా ఉంటుంది, నేల చెరిగిపోతుంది. గొట్టాన్ని తరువాత కంప్యూటర్‌లో తుడిచేస్తారు. చూసేవాళ్లకు అది గంటకు వంద కిలోమీటర్ల వేగంలా కనిపిస్తుంది.

ఇక్కడ ప్రమాదం వేగంతో కాదు, ఆ గొట్టాన్ని పట్టి ఉంచే రబ్బరు కప్పులతో. అవి గాలిని లాగేసి రేకుకు గట్టిగా అతుక్కుంటాయి. కంపెనీ రంగు మీదైతే ఫరవాలేదు. మన బండ్లలో ఎక్కువ భాగం ఎప్పుడో ఒకప్పుడు టింకరింగ్ చేసి, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు వేసినవే. కప్పు తీసేటప్పుడు పుట్టీతో సహా పెచ్చు లేచి వస్తుంది. ఎక్కడ పుట్టీ ఉందో మీకు తెలియకపోతే మీ మెకానిక్‌ను అడగండి. పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతంతో తడిమితే తెలిసిపోతుంది, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు ఉండదు. అక్కడ కప్పు పెట్టవద్దని ముందే చెప్పాలి. అద్దాల మీద పెట్టుకోమనడం మేలు.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది కదా, ఏమైనా కంపెనీ చూసుకుంటుంది.

ముందు పాలసీ తీసి చూడండి. ఇంత పాత బండ్లకు చాలామంది థర్డ్ పార్టీ పాలసీతోనే సరిపెట్టుకుంటారు. దాంతో ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే పరిహారం. మీ బండికి గీత పడ్డా, అద్దం పగిలినా, మొత్తం కాలిపోయినా రూపాయి రాదు.

పూర్తి పాలసీ ఉన్నా రెండు చిక్కులున్నాయి. మొదటిది విలువ. కొత్త కార్లకు మొదటి ఐదేళ్ల దాకా తరుగుదల పట్టిక ప్రకారం విలువ కడతారు. ఐదేళ్లు దాటాక అది కంపెనీకి, యజమానికి మధ్య కుదిరిన మాట. మీరు నోరు తెరిచి అడగకపోతే ఏజెంటు తనకు తోచిన అంకె వేస్తాడు. లక్షలు పెట్టి బాగుచేయించిన కారు మీద పాలసీలో అరవై వేలు రాసి ఉండటం నేను చూశాను. ఫొటోలు, బిల్లులు చూపించి, విలువ మాట్లాడుకుని, అది పాలసీలో రాయించుకోండి. అప్పుడు కూడా విడిభాగాల మీద తరుగుదల తీసేస్తారని గుర్తుంచుకోండి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీ మీద 50 శాతం. పదేళ్లు దాటిన బండి అయితే ఇనుప భాగాల మీద కూడా 50 శాతం. అద్దాలకు మాత్రం కోత లేదు. క్రోమ్ బంపర్ మార్చాలంటే దాని ధరలో సగం మీ జేబులోంచే పోతుంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ప్రైవేటు కారు పాలసీలో 'వాడకంపై పరిమితులు' అని ఒక భాగం ఉంటుంది. కారును అద్దెకు ఇచ్చినప్పుడు పాలసీ వర్తించదని అక్కడ స్పష్టంగా ఉంటుంది. పత్రిక మీకు రోజుకు ఇంత అని అద్దె ఇస్తే, ఆ రోజు జరిగిన నష్టం గురించి కంపెనీ అడిగే మొదటి ప్రశ్న అదే. నా సలహా ఒక్కటే. అద్దె పుచ్చుకుంటే ఆ రోజుకు ప్రత్యేకంగా బీమా తీసుకునే బాధ్యత పత్రికదేనని రాయించుకోండి. ఊరికే ఇస్తే, 'ఎటువంటి ప్రతిఫలం లేకుండా ఇచ్చాను' అని రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఊరికే ఇచ్చినా నష్టపరిహారం గురించి రాసుకోవడం మొహమాటపడే విషయం కాదు.

తాళం చెవి మీ జేబులోనే ఉండాలి. వాళ్లలో ఎవరైనా నడపాలంటే లైసెన్సు చూడండి. లైసెన్సు లేని మనిషికి బండి ఇవ్వడం మోటారు వాహనాల చట్టంలో యజమాని నేరమే. పైగా చోక్ లాగడం, స్టీరింగ్ పక్కనున్న గేరు వేయడం ఇప్పటి కుర్రవాళ్లకు కొత్త. నేర్పే ప్రయోగం షూట్ రోజు వద్దు.

అపోహ: వింటేజ్ నంబరు తీసుకుంటే ఎక్కడికైనా తిప్పుకోవచ్చు.

నిజానికి అది తిరగడం తగ్గించే నంబరు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తెచ్చిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న వ్యక్తిగత వాహనాలకే ఈ అవకాశం. నంబరులో 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ తరువాత రెన్యువల్‌కు 5,000. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. రోజువారీ వాడకానికీ, వాణిజ్య అవసరాలకూ వాడకూడదు. అద్దె తీసుకుని షూట్‌కు ఇస్తే అది దేని కిందికి వస్తుందో మీరే ఊహించుకోండి.

1979లో వచ్చిన మార్క్ 4 అంబాసిడర్లకు ఇంకా ఆ వయసు రాలేదు. వాటికి మామూలు ఆర్‌సీయే గతి. మొదటి 15 ఏళ్లు ముగిశాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటిన ఆర్‌సీతో షూట్‌కు పోవాలంటే బండిని లారీ మీద తీసుకుపోవడమే మంచిది. ఆ కిరాయి పత్రిక పెట్టుకోవాలి.

అపోహ: బాగా మెరిపించి ఇస్తే ఫొటో బాగా వస్తుంది.

కడగడం అవసరమే. కిరోసిన్ గుడ్డతో తుడిచి, టైర్లకు నూనె పూసి తీసుకురావడం మాత్రం వద్దు. కంటికి నిగనిగ, కెమెరాకు మరకలు. పైగా నూనె రబ్బరుకు పడదు. ఇక షూట్ స్థలంలో దుమ్ము పడగానే పొడిగుడ్డతో తుడిచే చేతిని ఆపండి. మన మట్టిలో ఇసుక ఎక్కువ, ప్రతి తుడుపుకూ సన్నటి గీతలు పడతాయి. ముందు నీళ్లు చల్లి, తరువాత మెత్తటి గుడ్డతో అద్దాలి.

నల్ల కార్లవాళ్లకు ఇంకో మాట. నల్ల రంగు అద్దంలా చుట్టూ ఉన్నదంతా చూపిస్తుంది. చెట్లు, కరెంటు స్తంభాలు, ఎర్ర చొక్కా వేసుకున్న అసిస్టెంటు, అన్నీ తలుపు మీద ప్రత్యక్షమవుతాయి. లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్‌తో అద్దాల మీదా, రంగు మీదా ప్రతిబింబాలు కొంత తగ్గుతాయి, క్రోమ్ మీద ఆ ఫిల్టర్ పనిచేయదు. అందుకే మంచి ఫొటోగ్రాఫర్ చెట్టు నీడను కాదని, విశాలమైన ఆకాశం ఉన్నచోటు వెతుకుతాడు. నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉదయ సముద్రం చెరువు కట్ట దగ్గర తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు ఉండే ఆ కాసేపటి వెలుగులో నల్ల అంబాసిడర్ గీతలన్నీ ఎలా తేలుతాయో ఒకసారి చూస్తే, మధ్యాహ్నం షూట్‌కు మీరు మళ్లీ ఒప్పుకోరు.

అపోహ: కట్టడం పాతదైతే చాలు, ముందు నిలబెట్టి తీసుకోవచ్చు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమైనా, దేవరకొండ కోట అయినా రక్షిత కట్టడాలు. అనుమతి పత్రం పత్రిక తేవాలి. తెచ్చానంటే చూపించమనండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర, ఎండు కొమ్మలు విరిగిపడిన తరువాత, చెట్టుకు చికిత్స చేసి కాపాడుకుంటూ వస్తున్నారు. ఊడల కిందికి కారు తీసుకుపోతానన్న ఆలోచనే తప్పు. నాగార్జునసాగర్ డ్యామ్ మీద భద్రతా సిబ్బంది ఉంటారు. మన్ననూరు దాటి నల్లమల రోడ్డు మీద తీయాలంటే, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అటవీ చెక్‌పోస్టు దగ్గర గేటు మూస్తారు కాబట్టి, తెల్లవారుజాము వెలుగు ఆశ వదులుకోవాలి.

అపోహ: మోడల్ కాసేపు బానెట్ మీద కూర్చుంటే ఏమవుతుంది?

సొట్ట పడుతుంది. గాజులు, జీన్సు మీది ఇత్తడి గుండీలు, చీర పిన్నులు రంగును గీస్తాయి. పక్కన నిలబడమనండి.

అపోహ: పత్రికలో వస్తే బండి ధర పెరుగుతుంది.

ముఖచిత్రంగా వేసినా పెరగదు. కొనేవాడు చూసేది ఛాసిస్ నంబరు, ఆర్‌సీ, అసలు భాగాలు ఎన్ని మిగిలాయన్నది. సంబరం వేరు, ధర వేరు.

అపోహ: నా కారు కాబట్టి ఆ ఫొటోలు నావే.

కారు మీది, ఫొటో మీది కాదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఫొటో హక్కు మొదట తీసినవాళ్లది. పత్రిక ఉద్యోగి తీస్తే పత్రికలో ప్రచురణకు సంబంధించి పత్రికది. ఎవరైనా డబ్బిచ్చి తీయిస్తే ఆ ఇచ్చినవాళ్లది. కారు యజమాని ఈ వరసలో ఎక్కడా లేడు. కాబట్టి ఫొటోలు వ్యాపార ప్రకటనలకు వాడకూడదని, నంబరు ప్లేటు చెరిపి వేయాలని, పూర్తి సైజు ఫొటోలు కొన్ని మీ సొంత వాడకానికి ఇవ్వాలని ముందే కాగితం మీద పెట్టించుకోవాలి. షూట్ అయిపోయాక అడిగితే ఎవరి ఫోనూ ఎత్తరు.

పత్రిక ప్రతి ఒకటి పంపుతామని వాళ్లే అంటారు. రెండు అడగండి. ఒకటి బండి కాగితాల ఫైల్లో ఉండాలి. రెండోది బంధువులెవరో చూసి ఇస్తామని పట్టుకుపోతారు.