గద్దె దిగమన్న పాటగాడు

పిల్లలూ,

మొన్న నా గదిలో మోగుతున్న పాట విని, "భాషే తెలియనప్పుడు ఏం వింటావు తాతయ్యా?" అని నవ్వారు కదా. ఆ గొంతు టికెన్ జా ఫకోలీది. పశ్చిమ ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్ దేశం ఉంది. దాని ఉత్తరాన ఓడియెన్నేలో 1968లో, గ్రియోల కుటుంబంలో పుట్టాడు. గ్రియోలంటే రాజుల కథలనూ వంశచరిత్రలనూ నోటితోనే తరతరాలకు అందించేవాళ్లు. ఇతను ఆ గొంతుకు జమైకా రెగే దరువు జోడించి, పాలకులనే నిలదీశాడు.

1996లో వచ్చిన ఆల్బమ్ పేరు 'మాంజెర్‌క్రాసీ'. ఈ మాట ఫ్రెంచి నిఘంటువులో వెతకకండి, దొరకదు. 'మాంజే' అంటే తినడం. 'డెమొక్రాసీ'కి తల తీసేసి అక్కడ దీన్ని అతికించాడు. మనం 'తిండిస్వామ్యం' అనుకోవచ్చు. ఓటు సంగతి తర్వాత, ముందు కంచంలో ఏముందో చూడండి అన్నట్టు! నేను అతని అభిమానినైంది ఈ ఒక్క మాటకే.

అక్కడ 33 ఏళ్లు ఏలిన అధ్యక్షుడు 1993లో చనిపోయాక, 'అసలైన ఐవరీ కోస్ట్ వాళ్లెవరు?' అనే గొడవను నాయకులు రాజేశారు. ఉత్తరాది పేరు కనిపిస్తే చాలు, పరాయివాడన్నారు. 2002లో తిరుగుబాటు లేచి దేశం రెండు ముక్కలైంది. మరుసటి ఏడాది ఫకోలీ స్నేహితుడు, హాస్యనటుడు కమారాను ఆ దేశపు పెద్ద నగరం అబిద్జాన్‌లో చంపేశారు. బెదిరింపులు ఫకోలీకీ వచ్చాయి. పక్క దేశం మాలీ రాజధాని బమాకోలో తలదాచుకున్నాడు.

ప్రవాసమంటే మీ బాబాయి అమెరికా వెళ్లినట్టు కాదు. ఆయన టిక్కెట్టు కొంటే చాలు, ఇంటికొచ్చేస్తాడు. ఫకోలీకి అప్పట్లో ఆ వీలు లేకపోయింది. ఒక్కటే అదృష్టం: అతని డ్యూలా భాషా, బమాకోలో మాట్లాడే బంబారా అక్కచెల్లెళ్ల లాంటివి. పాటకు అర్థం చెప్పాల్సిన అవసరం రాలేదు.

2007లో స్వదేశంలో అడుగుపెట్టి బ్వాకే పట్టణంలో సయోధ్య కోసం పాడాడు. హమ్మయ్య అనుకునేలోపే, అదే ఏడాది సెనెగల్ రాజధాని డాకర్‌లో నోరు విప్పాడు. దేశం మీద ప్రేముంటే పదవి వదలమని అధ్యక్షుడు వాద్‌కు చెప్పాడు. ఇంకేముంది, సెనెగల్ తలుపు మూసేసింది. మళ్లీ తెరిచేసరికి 2010 వచ్చింది.

అన్నట్టు, మీరు నవ్విన ఆ పాట పేరుకు అర్థం 'గద్దె దిగు'. సెలవులకు రండి, తెలుగులో రాసిపెడతాను.

మీ తాతయ్య