రాజు గుండె ముందున్న గడ్డ

పిల్లలూ,

మన కుక్క రాజుకి ఎక్స్‌రేలో గడ్డ కనిపించింది కదా, మళ్లీ ఇన్ని టెస్టులెందుకు తాతయ్యా అని ఫోన్లో అడిగారు. అప్పుడు టెన్షన్లో ఏదో చెప్పి పెట్టేశాను, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

రాజు తిన్నదంతా కక్కేస్తుంటే వాంతులే అనుకున్నాం. డాక్టరమ్మ మాత్రం వీడియో తీసి చూపించమంది. వాంతయితే డోకులు వస్తాయి, పొట్ట ఎగదన్నుతుంది. వీడికి అవేం లేవు, తల దించగానే తిన్నది తిన్నట్టే జారి పడిపోతోంది, అంటే తిండి కడుపుదాకా వెళ్లట్లేదన్నమాట. ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక సంచిలా సాగిపోయి ఉంది, దాంతోపాటు గుండెకి ముందువైపు ఈ గడ్డ.

అక్కడ థైమస్ అనే గ్రంథి ఉంటుంది. కుక్కపిల్లగా ఉన్నప్పుడు పెద్దదిగా ఉండి, రోగాలతో పోరాడే టి కణాలను తయారుచేసి, కుక్క ఎదిగాక చిన్నదైపోతుంది. అందులో పుట్టే థైమోమా అనే గడ్డ కుక్కల్లో అరుదు. చిక్కేంటంటే అదే చోట లింఫోమా అనే క్యాన్సర్ కూడా వస్తుంది, ఎక్స్‌రే చూసి ఏది ఏదో చెప్పలేరు. థైమోమా అయితే వీలైనంతవరకు ఆపరేషన్ చేసి తీసేస్తారు, లింఫోమాకి కీమో మందులు. పొరపాటు పడితే వాడి ఛాతీ ఊరికే కోసినట్టే కదా!

సూదితో కాసిని కణాలు తీసి చూస్తే తేలిపోతుందనుకున్నా. తేలలేదు, ఎందుకంటే లింఫోసైట్లనే తెల్లకణాలు రెండు గడ్డల్లోనూ కుప్పలుగా ఉంటాయి. రక్తంలో కాల్షియం చూశారు, అది రెండింటిలోనూ పెరగొచ్చట! అప్పుడు ఫ్లో సైటోమెట్రీ చేయించారు. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలోంచి పంపి వాటిమీది గుర్తులు చదువుతారు. సిడి4, సిడి8 అని రెండు గుర్తులుంటాయి, రెండూ ఒకే కణం మీద ఉంటే అది థైమస్‌లో ఇంకా ఎదుగుతున్న పిల్ల కణం. లింఫోసైట్లలో అలాంటివి కనీసం 10 శాతం ఉంటే థైమోమా వైపే మొగ్గు. రాజువి చాలా ఎక్కువే ఉన్నాయి.

మరి మింగలేకపోవడం? థైమోమా ఉన్న కొన్ని కుక్కల్లో ఒళ్లే తన కండరాల మీద తిరగబడుతుంది, నరం పంపే కబురు కండరానికి అందదు. దాన్ని మయస్తీనియా గ్రావిస్ అంటారు, రక్తపరీక్షలో వాడికి అదీ ఉందని తేలింది. మొదట కనిపించింది గడ్డ లక్షణం కాదు, దీని లక్షణం.

సీటీ స్కాన్‌లో గడ్డ పెద్ద రక్తనాళాల్లోకి పాకలేదని చెప్పారు, ఆపరేషన్ వచ్చే వారం. గడ్డ తీసినా మింగడం వెంటనే బాగుపడకపోవచ్చు. కాబట్టి మీరొచ్చినప్పుడు వాడికి దొంగచాటుగా ఏమీ పెట్టకండి. ఒళ్లు నిటారుగా ఉండేలా నిలబెట్టి తినిపించి, తిన్నాక 15 నిమిషాలు అలాగే పట్టుకోవాలి, లేదంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. సాయంత్రం వంతు మీదే.

తాతయ్య