కనుమను దాటించేవి కాళ్ళు కావు

నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్ళే తెలుగు యాత్రికుల్లో చాలామంది పోఖరా నుంచి చిన్న విమానంలో జోమ్‌సోమ్ చేరి, అక్కడ జీపు ఎక్కుతారు. 108 దివ్యదేశాల్లో ఒకటైన ఆ గుడికి తూర్పు నుంచి ఇంకో దారి ఉంది. అది థొరాంగ్ లా మీదుగా వస్తుంది. టిబెటన్ భాషలో ‘లా’ అంటేనే కనుమ. ‘థొరాంగ్ లా కనుమ’ అంటే ‘గేటు ద్వారం’ అన్నట్టే. ఎత్తు 5,416 మీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి, తలకు కట్టుకున్న లైటు వెలుతురులో కనుమ కింది మజిలీ థొరాంగ్ ఫేదీ నుంచి బయలుదేరి, సుమారు 950 మీటర్లు ఎక్కి, ఆవలి వైపు 1,600 మీటర్లు దిగాలి. అదంతా ఒక్క రోజులోనే.

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో నడకకు ఒక లెక్క కట్టాడు. మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. ఇక్కడి దారి పదిహేను కిలోమీటర్లు అనుకుంటే, ఆ లెక్కన అయిదు గంటలలోపే అయిపోవాలి. కానీ చాలామందికి ఎనిమిది గంటలు, ఒక్కోసారి పది కూడా పడుతుంది. నెయిస్మిత్‌ను తప్పు పట్టలేం. వాళ్ళ దేశంలో అన్నిటికంటే ఎత్తైన బెన్ నెవిస్ 1,345 మీటర్లే. అక్కడ ఊపిరికి కరువు లేదు.

గాలిలో ఆక్సిజన్ వాటా విశాఖ బీచ్‌లోనూ ఈ కనుమ మీదా ఒకటే, 21 శాతం. తగ్గేది గాలి పీడనం. ఇక్కడ అది సముద్రమట్టంలో ఉన్నదానికి దాదాపు సగం. అంటే ఒక్కో శ్వాసలో దొరికే ఆక్సిజన్ కూడా సగమే. మెడలోని కెరోటిడ్ ధమనుల దగ్గరుండే చిన్న కణజాలం ఈ కొరతను పసిగట్టి, ఊపిరి వేగం పెంచమంటుంది. తీరా వేగం పెరిగాక కొత్త చిక్కు వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. దాంతో మెదడు ఊపిరి తగ్గించమంటుంది. ఒకటి పెంచమంటే ఇంకొకటి ఆపమంటుంది. ఎత్తైన చోట నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ మొదలవడం ఈ పేచీ వల్లే.

ఈ తగవు తీర్చేవి మూత్రపిండాలు. అవి రక్తంలోని క్షారమైన బైకార్బనేట్‌ను మూత్రంలో పంపేసి, రక్తాన్ని మళ్ళీ దారికి తెస్తాయి. అయితే వాటికి తొందర తెలియదు, రోజులు పడుతుంది. 3,540 మీటర్ల ఎత్తులోని మనాంగ్ గ్రామంలో ఒకటి రెండు రోజులు ఊరికే ఆగమని చెప్పేది అందుకే. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనే నియమమూ మూత్రపిండాలకు ఇచ్చే గడువే. వైద్యులు రాసే అసిటజోలమైడ్ మాత్ర చేసేది కూడా ఆ బైకార్బనేట్‌ను త్వరగా బయటికి పంపడమే. ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి కదా అంటారా? పెరుగుతాయి, కానీ వారాలు పడుతుంది. అప్పటికి నడిచినవాళ్ళు ఇల్లు చేరి ఉంటారు. కండలు తిరిగిన కుర్రవాడు తలనొప్పితో కూలబడితే, నింపాదిగా వచ్చిన పెద్దాయన కనుమ దాటడం ఈ దారిలో వింతేమీ కాదు.

ఒంటరిగా నడవడాన్ని నేను ఇష్టపడతాను. ఇక్కడ మాత్రం దాని ప్రమాదం వేరు. ఆక్సిజన్ చాలక మెదడు వాచడం మొదలైతే ముందుగా తూలు వస్తుంది, తర్వాత వివేకం సడలుతుంది. సరళరేఖ మీద మడమకు కాలి వేలు ఆనించి నడిపించి చూస్తే ఆ తూలు బయటపడుతుంది. పక్కన మనిషి ఉంటే ‘నువ్వు తూలుతున్నావు, దిగుదాం పద’ అంటాడు. ఒంటరివాడికి తీర్పు చెప్పాల్సింది ఆ చెడుతున్న మెదడే. విదేశీయులు గైడ్ లేకుండా నడవకూడదని నేపాల్ 2023 ఏప్రిల్ నుంచి నియమం తెచ్చినప్పుడు ఒంటరి నడక ప్రియులు గొణిగారు. ఈ కనుమ వరకైతే ఆ నియమం నాకు సబబుగానే తోచింది.

వాతావరణం సంగతి విశాఖవాసులకు వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న ఆ నగరాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపానే బలహీనపడి ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత ఈ కొండల మీద మంచుగా కురిసింది. ఆ ప్రాంతంలో కనీసం 43 మంది చనిపోయారు. బంగాళాఖాతం నుంచి మోసుకొచ్చిన తేమ, కొండ అడ్డంగా నిలవడంతో పైకెగసి, చల్లబడి, అక్కడే దిగిపోయింది. మామూలు రోజుల్లోనూ పొద్దెక్కే కొద్దీ కనుమ మీద ఈదురుగాలి మొదలవుతుంది. నాలుగింటి ప్రయాణానికి అసలు కారణం అదే.

ఇక దిగడం. ఊపిరి తేలికవుతుంది, తొడలకు మాత్రం అప్పుడే అసలు పరీక్ష. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు శరీరం బరువుకు బ్రేకు వేస్తూ, సాగుతూనే బిగిసి ఉండాలి. దీనికి శక్తి తక్కువే ఖర్చవుతుంది, కానీ కండరపు పోగులు లోలోపల చిట్లుతాయి. నొప్పి ఆ రాత్రి తెలియదు. మర్నాడు ముక్తినాథ్ గుడి మెట్లు బాగానే ఎక్కుతారు. 108 ధారల కింద తడిసి, దర్శనం చేసుకుని, మొదటి మెట్టు దిగబోయినప్పుడు గోడ పట్టుకుంటారు.