ఖాళీగా ఉన్న ప్రాసెసర్, కదలని కంప్యూటర్

హార్డ్ డిస్కుతో వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో ఒక పత్రం మీద రెండుసార్లు నొక్కి, అది తెరుచుకునేలోగా వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకుని వచ్చిన అనుభవం చాలామందికి ఉంటుంది. విసుగెత్తి, కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌ను తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం 9 శాతం దగ్గర, ర్యామ్ సగం దగ్గర ఉంటాయి గానీ డిస్కు మాత్రం 100 శాతం అని ఎర్రగా కనిపిస్తుంది. ఇంకాస్త పరికించి చూస్తే ఆ డిస్కు చదువుతున్న వేగం సెకనుకు ఒక మెగాబైటు కూడా ఉండదు. అదే డిస్కు ఒక సినిమా ఫైలును కాపీ చేసేటప్పుడు సెకనుకు ఎనభై, తొంభై మెగాబైట్లను సునాయాసంగా చదవగలదు. అంత శక్తి ఉన్న డిస్కు ఒక మెగాబైటుకే నూటికి నూరు పాళ్లు అలసిపోవడం ఎలా సాధ్యమనే ప్రశ్నకు సమాధానం ఆ శాతం దేనిని కొలుస్తోందన్న దానిలో ఉంది.

అది పని పరిమాణాన్ని కాక కాలాన్ని కొలుస్తుంది. గడిచిన సెకనులో డిస్కు చేతిలో కనీసం ఒక అభ్యర్థన ఉన్న సమయం ఎంత అన్నదే ఆ అంకె. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం దానిని చదివే తల (హెడ్) కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే అయిదారు మిల్లీసెకన్లు ఆగాలి. అంతకుముందు ఆ తల సరైన వలయం మీదికి జరగడానికి మరో పది మిల్లీసెకన్ల దాకా పోతుంది. ఈ లెక్కన చెల్లాచెదురుగా పడి ఉన్న చిన్న చిన్న ముక్కలను అడిగితే సెకనుకు అరవై డెబ్భైకి మించి అందించలేదు. ఒక్కో ముక్క 4 కిలోబైట్లదైతే మొత్తం కలిపి పావు మెగాబైటు. డిస్కు క్షణం తీరిక లేకుండా తిరుగుతూనే ఉంటుంది, కానీ ఆ కాలమంతా వెతుకులాటకే ఖర్చవుతుంది.

ప్రాసెసర్ శాతంలోనూ ఇటువంటి మెలికే ఉంది. ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్, అంటే విడిగా పని చేయగల ఒక్కో భాగం, ఏ క్షణంలోనైనా ఏదో ఒక ప్రోగ్రామును నడుపుతూ ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. ఖాళీగా గడిచిన కాలాన్ని మొత్తంలోంచి తీసివేస్తే మిగిలేదే వాడకం. విండోస్‌లో ఈ ఖాళీ కాలాన్ని ‘సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్’ అనే పేరుతో చూపిస్తారు. అది 95 శాతం తినేస్తోందని కంగారుపడి దానిని ఆపివేయాలని ప్రయత్నించేవారు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ అంకె ఎంత పెద్దదైతే అంత నిశ్చింత. ఇక రెండో వైపు, తీరిక లేదని లెక్కలోకి ఎక్కిన కాలమంతా గణనలోనే గడిచిందని కూడా అనుకోకూడదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఒక గడియారపు చక్రం, అంటే దాని పనిలో ఒక చిన్న అడుగు, నానోసెకనులో మూడో వంతు. ర్యామ్ నుంచి ఒక విలువను తెప్పించుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు, అంటే 300 చక్రాలు పడుతుంది. ఆ 300 చక్రాల పాటు ప్రాసెసర్ చాలాసార్లు చేతులు కట్టుకుని నిలబడుతుంది, అయినా కొలత మాత్రం దానిని పనిలో ఉన్నట్టే నమోదు చేస్తుంది.

కాబట్టి వాడకం శాతం ఒక్కటే చూసి ఒక నిర్ణయానికి రావడం నా దృష్టిలో తొందరపాటే. వాడేవారికి తగిలేది నిరీక్షణ. అది వాడకంతో పాటు సరళరేఖలో పెరగదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ ఎక్స్చేంజిలోని కాల్స్ రద్దీని గణితంతో విశ్లేషిస్తూ ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన క్యూ సిద్ధాంతం ఈ సంబంధాన్ని స్పష్టంగా చెబుతుంది. ఒకే కౌంటరు ఉండి, మనుషులు ఒక క్రమం లేకుండా వస్తూ, ఒక్కొక్కరి పనికి పట్టే సమయం కూడా అలాగే క్రమం లేకుండా మారుతూ ఉంటే, కౌంటరు సగం సమయం మాత్రమే పనిలో ఉన్నప్పుడు కూడా ఒక్కొక్కరికీ పట్టే మొత్తం సమయం అసలు పనికి పట్టే సమయానికి సగటున రెండింతలవుతుంది. వాడకం 80 శాతానికి చేరితే అయిదింతలు, 90కి చేరితే పదింతలు, 95కి చేరితే ఇరవై ఇంతలు. చివరి అయిదు శాతం రద్దీ నిరీక్షణను రెట్టింపు చేస్తోందని గమనించాలి. పండుగ ముందు రోజు రైల్వే టికెట్ కౌంటరు దగ్గర నిలబడినవారికి ఈ సూత్రాన్ని వేరే నిరూపించి చూపనవసరం లేదు.

కంప్యూటర్‌లో ఎన్ని ప్రోగ్రాములు వరుసలో ఉన్నాయో నేరుగా చెప్పే కొలత ఒకటి చాలా కాలంగా ఉంది. ‘లోడ్ యావరేజ్’ అనే ఆ అంకెను టెనెక్స్ అనే పాత నిర్వహణ వ్యవస్థలో (ఆపరేటింగ్ సిస్టమ్‌లో) వాడేవారు. 1973 జులైలో టెనెక్స్ యంత్రాల మీద పడిన భారం గురించి, నెట్‌వర్క్ నిపుణులు వరుస సంఖ్యలతో వెలువరించే ఆర్ఎఫ్‌సీ అనే సాంకేతిక పత్రాలలో 546వది ఉంది. లినక్స్ అనే నిర్వహణ వ్యవస్థలో ఈ కొలతకు మూడు అంకెలు కనిపిస్తాయి: ఒకటి, అయిదు, పదిహేను నిమిషాల సగటులు. సగటు అన్న మాట ఇక్కడ కొంత మోసగిస్తుంది. ఖాళీ యంత్రంలో ఒక్క ప్రోగ్రాము ఆగకుండా నడవడం మొదలైతే, నిమిషం గడిచాక మొదటి అంకె 1 కాదు, దాదాపు 0.63 మాత్రమే అవుతుంది. ఎందుకంటే పాత విలువలు ఒక్కసారిగా రాలిపోకుండా క్రమంగా కరుగుతూ ఉంటాయి.

1993లో మథియాస్ ఉర్లిక్స్ అనే ప్రోగ్రామర్ లినక్స్ కొలతలో ఒక మార్పును ప్రతిపాదించాడు. అప్పటిదాకా ప్రాసెసర్ కోసం వరుసలో ఉన్న ప్రోగ్రాములనే లెక్కించేవారు. వేగమైన డిస్కును తీసేసి నెమ్మది డిస్కును పెడితే భారం తగ్గినట్టు కనిపించడం వింతగా ఉందన్నది ఆయన అభ్యంతరం. ఆ మార్పు తర్వాత డిస్కు కోసం ఆగి ఉన్న ప్రక్రియలు (నడుస్తున్న ప్రోగ్రాములు) కూడా లెక్కలోకి వచ్చాయి. ఆ ఆలోచన సబబే, కానీ దాని మూలంగా ప్రాసెసర్ పూర్తిగా ఖాళీగా ఉన్నా, నెట్‌వర్క్ ద్వారా వాడే వేరే యంత్రంలోని నిల్వ (స్టోరేజ్) స్పందించకపోతే లోడ్ వందల్లోకి వెళ్లి కొత్త నిర్వాహకులను హడలగొడుతుంది.

ఖాళీ ర్యామ్ తక్కువగా ఉంటే ఏదో తప్పు జరిగినట్టే అనే అపోహ మరీ పాతది. లినక్స్ ఒకసారి డిస్కు నుంచి చదివిన దానిని మళ్లీ పనికొస్తుందని ఖాళీ ర్యామ్‌లో దాచుకుంటుంది, అవసరం వస్తే మరుక్షణం వదిలేస్తుంది. అందుకే ‘ఖాళీ’ అంకె ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. వాడుకోవడానికి నిజంగా ఎంత దొరుకుతుందో చెప్పే వేరే అంకెను 2014లో వచ్చిన 3.14 కెర్నెల్‌లో (కెర్నెల్ అంటే లినక్స్ మూల భాగం) చేర్చారు. ఫోన్లలో ర్యామ్ శుభ్రం చేస్తామనే యాప్‌లు ఈ అపోహ మీదే బతుకుతాయి. అవి మూసేసిన యాప్‌ను మళ్లీ మొదటి నుంచి తెరవడానికి బ్యాటరీ మరింత ఖర్చవుతుంది.

నిరీక్షణనే సూటిగా కొలిచే పద్ధతి 2018 డిసెంబరులో విడుదలైన 4.20 కెర్నెల్‌తో వచ్చింది. ఫేస్‌బుక్‌లో యోహానెస్ వైనర్ రాసిన ఆ భాగం ప్రాసెసర్, ర్యామ్, డిస్కు ఒక్కొక్కదాని కోసం ప్రక్రియలు ఎంత శాతం కాలం ఆగిపోయాయో 10, 60, 300 సెకన్ల సగటులుగా చెబుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ర్యామ్ చాలనప్పుడు వెనుక ఉన్న ఏ యాప్‌ను ఎప్పుడు మూసివేయాలో నిర్ణయించడానికి ఈ కొలతనే వాడుకోగలుగుతున్నారు.

విండోస్‌లో పాత ల్యాప్‌టాప్ యజమాని చూడవలసింది డిస్కు పేజీలో కింద చిన్న అక్షరాలతో కనిపించే సగటు ప్రతిస్పందన సమయం. అది వందల మిల్లీసెకన్లలో ఉంటే డిస్కు ముందు వరుస పొడవుగా ఉన్నట్టే. ఆ డిస్కు స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అనే నిల్వ పరికరాన్ని పెడితే ఒక్కో ముక్క సుమారు పదో వంతు మిల్లీసెకనులో అందుతుంది. అప్పుడు పత్రం వెంటనే తెరుచుకుంటుంది, పనికి సరుకు అందిన ప్రాసెసర్ వాడకం మాత్రం ఆ కొద్ది క్షణాలు 9 శాతం నుంచి అమాంతం పైకి ఎగబాకుతుంది.