కంట్లో కణితికి ఆపరేషన్: ప్రాణభయం ఎలా తగ్గుతూ వచ్చింది

పసిబిడ్డను ఫ్లాష్‌తో ఫొటో తీస్తే ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా పడిందనుకోండి. కంట్లో పువ్వేమోలే అని పసరు పోయిస్తూ కూర్చోకూడదు. అది రెటినోబ్లాస్టోమా కావచ్చు. ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకు వచ్చే కంటి క్యాన్సర్ ఇది. మేనరికం చేసుకున్నందుకే వచ్చిందని ఆ తల్లిని దెప్పేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: ఆర్‌బీ1 అనే జన్యువు దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బు ఇది, మేనరికానికీ దీనికీ సంబంధం లేదు.

కన్ను మొత్తం తీసేస్తేనే ప్రాణం దక్కుతుందని 1809లో స్కాట్లండ్ సర్జన్ జేమ్స్ వార్‌డ్రప్ చెప్పాడు. అప్పటికి మత్తుమందు కూడా లేదు! ఈ క్యాన్సర్ కంటి నరం వెంట మెదడుకు పాకుతుంది కాబట్టి నరాన్ని వీలైనంత పొడవుగా కోయాలన్న పట్టుదల ఆ తర్వాత వచ్చింది.

పెద్దవాళ్ల కంట్లో వచ్చే మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) విషయంలో 1978లో పెద్ద కలవరమే రేగింది. కన్ను తీశాక మరణాలు పెరుగుతున్నాయని, ఆపరేషన్‌లో కన్ను నలిగి కణాలు రక్తంలోకి వెళ్తున్నాయేమోనని అమెరికా పాథాలజిస్టు జిమ్మర్‌మన్ బృందం అనుమానించింది. ఆ అనుమానం రుజువు కాలేదు. కణాలు ఏళ్ల ముందే పాకి ఉంటాయన్న అభిప్రాయమే ఇప్పుడు బలంగా ఉంది. అయినా ఆ భయం మేలే చేసిందని నా నమ్మకం. కంటిని నొక్కకుండా, నలపకుండా తీయడం మీద సర్జన్ల శ్రద్ధ పెరిగింది. మధ్యస్థ సైజు మెలనోమా కణితికి కన్ను తీసినా, కంటిగుడ్డు మీద రేడియేషన్ బిళ్ల కుట్టినా బతికే అవకాశం ఒకటేనని 2001లో అమెరికా అధ్యయనం తేల్చింది. అలాంటి బిళ్లలను రుథేనియంతో ఇప్పుడు మన భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) కూడా తయారు చేస్తోంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది సూది సంగతి. రెటినోబ్లాస్టోమా ఉన్న కంట్లో సూది గుచ్చడమంటే ఒకప్పుడు డాక్టర్లు హడలిపోయేవాళ్లు, ఆ రంధ్రంలోంచి కణాలు బయటికొస్తాయని. స్విట్జర్లాండ్ డాక్టర్ ఫ్రాన్సిస్ మునియే 2012లో ఒక పద్ధతి వివరించాడు. ముందు కంటి ముందుభాగం నుంచి కాస్త నీరు లాగి ప్రెషర్ తగ్గించాలి. కణితి లేని చోట చూసి కీమో మందు ఎక్కించాలి. సూది బయటికి తీస్తూనే ఆ చోటును అతిచల్లదనంతో అక్కడికక్కడే గడ్డకట్టించాలి. తీసేయక తప్పదనుకున్న కళ్లు కొన్ని దీనివల్ల నిలిచాయి.

తిరుపతి, చిత్తూరు వాళ్లకు రుయా, స్విమ్స్, అరవింద్ ఆసుపత్రులు దగ్గర్లోనే ఉన్నాయి. పెద్ద వైద్యానికి వేలూరు, చెన్నై, హైదరాబాద్ దారి మనకు పాతదే. అసలు ముప్పు దూరంలో లేదు, కణితి అని అనుమానించకుండా శుక్లమనో వాపు అనో కన్ను కోసి ఆపరేషన్ చేయడంలో ఉంది. అందుకే లోపల ఏముందో కనిపించని పసికంటికి ముందు స్కానింగ్ తీయించాలి. ఈ కణితిలో తరచూ ఉండే సున్నపు మచ్చలు అందులో తెలుస్తాయి. కన్ను తీయాల్సి వస్తే దాన్ని నరంతో సహా పాథాలజీ ల్యాబ్‌కి పరీక్షకు పంపారా అని అడగండి, రిపోర్టు చేతికి తీసుకోండి. నరం తెగిన అంచులో క్యాన్సర్ కణాలు కనిపిస్తే కీమో, రేడియేషన్ వెంటనే మొదలుపెట్టాలి.