బందిపోటు కేసులో ఐదో మనిషి

క్రిమినల్ కోర్టుల్లో వాదించేవాణ్ణి కాబట్టి పేపర్లో 'బందిపోటు దొంగలు' అని కనిపిస్తే ముందు ఎంతమందో చూస్తాను. దారికాచి దోచేవాణ్ణి పాత తెలుగులో తెరువాటుకాడు అనేవారు. తెరువంటే దారి. ఇప్పుడు ఒక్కడు దోచినా, పదిమంది దోచినా బందిపోటు అనే రాసేస్తున్నారు.

అపోహ: బందిపోటు అంటే అడవి, గుర్రాలు, తుపాకులు.

వాస్తవం: చట్టం ముందు తలలు లెక్కపెడుతుంది. ఐదుగురు లేదా అంతకు మించి కలిసి దోపిడీ చేసినా, చేయబోయినా బందిపోటే. ఆయుధం ఉండాలనేం లేదు. బైపాస్ మీద లారీ ఆపి ఇద్దరు డ్రైవర్ని కొడుతుంటే, ఇద్దరు క్లీనర్ని పట్టుకున్నారు, ఐదోవాడు పక్కనే బండి స్టార్ట్ చేసి ఉంచాడు అనుకోండి. వాడూ లెక్కలోకి వస్తాడు. "నేను చెయ్యి వెయ్యలేదు సార్" అంటే కుదరదు. శిక్ష యావజ్జీవం, లేదా పదేళ్ళ దాకా కఠిన కారాగారం. అందుకే మా వాదనలు చాలావరకు ఆ ఐదోవాడి చుట్టూ తిరుగుతాయి. సరిగ్గా ఐదుగురి మీదే కేసు పెట్టి, అందులో ఇద్దరు నిర్దోషులని తేలి, వేరే ఎవరూ లేరంటే మిగతా ముగ్గురి మీద బందిపోటు నిలవదు, అది దోపిడీ కేసుగా తగ్గుతుంది. పేరు తెలియనివాళ్ళు, దొరకనివాళ్ళతో కలిపి ఐదుగురున్నారని రుజువైతే మాత్రం నిలుస్తుంది.

అపోహ: పగలు దోచినా రాత్రి దోచినా ఒకటే.

వాస్తవం: దోపిడీకి పదేళ్ళ దాకా. అదే రహదారి మీద, పొద్దుగూకాక, తెల్లవారేలోపు అయితే 14 ఏళ్ళ దాకా. 1860 నాటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని ఈ మాటని, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 309లోనూ ఉంచారు. టోల్‌గేట్ల కాలంలో ఇదెందుకని అడిగేవాళ్ళున్నారు. రోడ్డు పక్కన లారీ ఆపి కునుకు తీసే డ్రైవర్ని అడిగితే చెబుతాడు.

అపోహ: గొలుసు తెంచుకుపోతే మామూలు దొంగతనమే.

వాస్తవం: బీఎన్‌ఎస్ 304 కింద స్నాచింగ్ ఇప్పుడు విడి నేరం, మూడేళ్ళ దాకా. అందుకోసం కావాలని గాయపరిచినా, కత్తి చూపి భయపెట్టినా దోపిడీ.

అపోహ: 'థగ్గు' వట్టి తిట్టు.

వాస్తవం: ఐపీసీ 310లో థగ్గుకి నిర్వచనమే ఉండేది: హత్యతో కూడిన దోపిడీకో, పిల్లల్ని ఎత్తుకుపోవడానికో అలవాటుగా జట్టు కట్టేవాడు. 311 కింద యావజ్జీవం. 2024 జులై 1న వచ్చిన బీఎన్‌ఎస్‌లో ఆ మాట లేదు. ఇప్పుడు 310 నంబరు బందిపోటుది. బందిపోటు శిక్షంటే ఐపీసీ 395 అని బట్టీపట్టిన మాకు ఇదో తలనొప్పి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి పాత సెక్షన్లే కాబట్టి రెండు పుస్తకాలూ మోస్తున్నాం.