మైదానంలో మోగిన పాట, ఇంట్లో వినిపించిన పాట

2024 జులై 26న పారిస్‌లో ఒలింపిక్స్ ప్రారంభోత్సవం మొదలయ్యేటప్పటికి అనంతపురంలో రాత్రి 11 గంటలయింది. సెన్ నదిలో దేశాల జట్లు పడవల మీద సాగిపోతుండగా, పి.వి.సింధు, శరత్ కమల్ జెండా పట్టుకొని నిలుచున్న మన పడవ కోసం మేలుకొని కూర్చున్న ఇళ్ళు మా వీధిలోనే నాలుగైదు ఉన్నాయి. మరునాడు టీ అంగడి దగ్గర పతకాల మాట కన్నా ఆ వేడుక మాటే ఎక్కువగా నడిచింది. మన పడవను చూపింది ఎంతసేపని కొందరు నొచ్చుకున్నారు. వానలో తడుస్తూనే పియానో వాయించిన కళాకారుణ్ణి కొందరు మెచ్చుకున్నారు. ఈఫిల్ టవర్ మీద సెలిన్ డియోన్ పాడినప్పుడు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు చెమర్చాయన్నవారూ ఉన్నారు. టీవీ వ్యాఖ్యాతల గురించి వారిలో పెద్దాయన ఒకరు వేసిన ప్రశ్న మాత్రం నాలో నిలిచిపోయింది: ‘‘ఏమప్పా, పాడేవాళ్ళను చూపీకుండా వీళ్ళే మాట్లాడతాండారే, ఇది ఎవురి కోసం పెట్టిన పండగ?’’

ఆ ప్రశ్న వెనుక దాదాపు తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు కోస్తిస్ పలమాస్ రాసిన గీతాన్ని స్పిరిడాన్ సమరాస్ స్వరపరిచారు. దాన్ని విన్నది ఆ మైదానంలో ఉన్నవారే, పాడింది వారి ఎదుటే. (అదే గీతాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1958లో అధికారిక గీతంగా స్వీకరించింది.) రెండో రకం ప్రేక్షకుడు 1936లో బెర్లిన్‌లో పుట్టాడు. నాజీ ప్రభుత్వం తన బలప్రదర్శనకు ఆ క్రీడలను వాడుకొంటూ, రిచర్డ్ స్ట్రాస్ కూర్చిన గీతాన్ని మోగించి, నగరంలో ఏర్పాటు చేసిన హాళ్ళలో జనానికి టీవీ ప్రసారం చూపించింది. మైదానంలో ఒక ప్రేక్షకుడు, దూరంగా తెర ముందు మరో ప్రేక్షకుడు అన్న విభజన అక్కడ మొదలైంది. 1964 టోక్యో క్రీడల నాటికి ఉపగ్రహం సాయంతో ప్రారంభోత్సవం సముద్రాలు దాటింది. 1984లో లాస్ ఏంజెలిస్ నిర్వాహకులు ఆ బాధ్యతను సినిమా, టీవీ నిర్మాత డేవిడ్ వోల్పర్‌కు అప్పగించారు. వీపున రాకెట్ కట్టుకొన్న మనిషి మైదానంలోకి ఎగిరొచ్చి దిగడం, 84 పియానోలు ఒక్కసారిగా మోగడం, జాన్ విలియమ్స్ కూర్చిన బాకాల సంగీతం, ఇవన్నీ మైదానంలో కూర్చున్నవారితో పాటు కెమెరాను కూడా దృష్టిలో పెట్టుకొని చేసినవే. ఆ తర్వాత ఏ దేశమూ వెనక్కి తిరిగి చూడలేదు.

మనకు ఆ మలుపు ఇంకా రెండేళ్ళ ముందే, 1982లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 15న దూరదర్శన్‌లో రంగుల ప్రసారం ఆరంభమైంది. నవంబర్ 19న ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో తొమ్మిదో ఆసియా క్రీడలు మొదలయ్యాయి. పండిట్ రవిశంకర్ స్వరపరిచిన స్వాగత గీతాన్ని పండిట్ నరేంద్ర శర్మ రాశారు. సంస్కృత ఛాయ గల ఆ మాటలు దేశంలో ఏ మూలవారికైనా కొంతవరకు చెవికి అందాయి. మా వైపు చాలా ఇళ్ళలోకి టీవీ ఇంకా రాని రోజులవి. ఆ క్రీడల చిహ్నమైన అప్పూ అనే ఏనుగు పిల్లను పత్రికలో బొమ్మగా చూసి, ఆ పాటను రేడియోలో విని, మిగతా వేడుకను ఊహించుకొన్నవారే మా పెద్దల్లో ఎక్కువ. అయినా ఆ పాట మీద ఫిర్యాదు చేసిన మనిషి నాకు మా రాయలసీమలో ఎక్కడా తగల్లేదు. పాట ఎవరు కూర్చారో, ఎవరిని పలకరిస్తున్నదో స్పష్టంగా తెలియడమే అందుకు కారణమని నా అభిప్రాయం.

2010లో అదే ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలకు ఎ.ఆర్.రెహమాన్ కూర్చిన గీతానికి అలాంటి ఆదరణ దక్కలేదు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పాటతో పోల్చి, ఇందులో ఊపు లేదని జనం పెదవి విరిచారు. రెహమాన్ దాన్ని మళ్ళీ సవరించవలసి వచ్చింది. అయితే అక్టోబర్ 3న జరిగిన ప్రారంభోత్సవంలో, మైదానం మీద తేలిన భారీ హీలియం బెలూన్ కింద పలు రాష్ట్రాల డోలు, డప్పు కళాకారులు వాయించినప్పుడు, ముందు విసుక్కున్న నోళ్ళే మెచ్చుకున్నాయి.

డప్పు సంగతి వచ్చింది గనుక సంగీతం ఎలా పనిచేస్తుందో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ప్రేక్షకుల ఫిర్యాదుల్లో సగం ఆ సాంకేతికత దగ్గరే పుడుతున్నాయి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 170 మీటర్ల మైదానంలో ఒక చివర వేసిన దెబ్బ మరో చివర ఉన్నవారికి అర సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. తాళం తప్పడానికి అర సెకను చాలా ఎక్కువ. మా జిల్లాలో ఉరుము అనే చర్మవాద్యం మోగించే కళాకారులు జాతరలో వాయించేటప్పుడు గుంపంతా చేతికందేంత దూరంలో ఉంటుంది. ఆడేవారి పాదం చూసి వాయించేవారు వేగం పెంచుతారు, తగ్గిస్తారు. వేలమంది మైదానమంతా పరచుకొని ఆడే వేడుకలో అది వీలుపడదు. కాబట్టి ముందే రికార్డు చేసిన సంగీతాన్ని, లెక్క చెప్పే టకటక శబ్దంతో కలిపి, కళాకారుల చెవిలోని చిన్న యంత్రాలకు పంపిస్తారు. పారిస్‌లో వేడుక నది వెంట 6 కిలోమీటర్ల పొడవునా సాగింది. ఆ దూరం శబ్దం దాటడానికి 17 సెకన్లు దాటి పడుతుందంటే, అక్కడ రికార్డు లేకుండా పని జరగదని ఎవరికైనా అర్థమవుతుంది.

అవసరం కొద్దీ వచ్చిన ఈ పద్ధతి ప్రేక్షకుడికి చెప్పకుండా వాడడంతోనే చిక్కు వచ్చింది. 2000 సిడ్నీ క్రీడల ప్రారంభోత్సవంలో ఆ నగర సింఫనీ బృందం ముందే రికార్డు చేసిన సంగీతానికి వాయిస్తున్నట్లు నటించిందన్న విషయం ఎనిమిదేళ్ళకు గాని బయటికి రాలేదు. 2008 ఆగస్టు 8న బీజింగ్‌లో 2,008 మంది వాద్యకారులు ఒక్క లయలో మోగించిన దృశ్యాన్ని మా వైపు సాయంత్రం ఐదున్నరకే, పిల్లలతో సహా అందరూ కూర్చొని చూశారు. ఎర్ర గౌను వేసుకొని పాడిన చిన్నారిని ఎంత ముద్దు చేశారో! కొద్దిరోజుల్లోనే సంగీత దర్శకుడు చెన్ చిగాంగ్ ఆ గొంతు వేరే బాలికదని, ఆ బాలిక రూపం తెరకు నప్పదని పక్కన పెట్టారని వెల్లడించారు. ఆకాశంలో నడిచిన బాణసంచా పాదముద్రల్లో చాలా భాగం టీవీకి కంప్యూటర్‌లో తయారుచేసినదేనని కూడా తేలింది. పాదముద్రల సంగతిని జనం త్వరగానే మరిచిపోయారు. గొంతిచ్చిన ఆ పసిపిల్లకు జరిగిన అన్యాయాన్ని మా ఇంట్లో ఆడవాళ్ళు ఈనాటికీ తలుచుకొంటారు, వారి బాధ సరైనదేనని నేనూ అంటాను.

ప్రేక్షకుల అభ్యంతరాల వల్ల మార్పు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1988 సియోల్‌లో వదిలిన పావురాలు కొన్ని జ్యోతి పాత్ర అంచున వాలి, మంట రగలగానే కాలిపోవడం చూసినవారు తల్లడిల్లారు. క్రమంగా బతికిన పక్షులను వదిలే ఆచారమే ఆగిపోయింది. పారిస్‌లో ఒక విందు దృశ్యం క్రీస్తు చివరి భోజనాన్ని పరిహసించేలా ఉందని లోకమంతా క్రైస్తవులు నొచ్చుకొన్నప్పుడు నిర్వాహకులు రెండు రోజుల్లో క్షమాపణ చెప్పారు. దర్శకుడు థామస్ జోలీ అది గ్రీకు దేవతల విందు అని వివరించారు. కర్నూలు, కడప జిల్లాల్లో చర్చికి వెళ్ళే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ వివరణ దృశ్యంతో పాటే వ్యాఖ్యాత నోట వచ్చి ఉంటే ఆ నొప్పి కొంతైనా తగ్గేది.

ఇక ప్రసార సంస్థలు చేసే కోతల మాట. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవాన్ని సినీ దర్శకుడు డానీ బోయెల్ తీర్చిదిద్దారు. రెహమాన్ పంజాబీ పాట కొద్దిసేపు వినిపించిన ఆ వేడుకను మనం అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరకు చూశాం. మృతులను స్మరిస్తూ సాగిన నృత్యాన్ని అమెరికాలో ఎన్‌బీసీ టీవీ తొలగించి, ఆ స్థానంలో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఇంటర్వ్యూ వేసింది. అక్కడి ప్రేక్షకులు మండిపడ్డారు. మన దేశంలో 2023 వన్డే ప్రపంచ కప్‌కు అక్టోబర్ 5న ప్రారంభోత్సవమే లేదు. అక్టోబర్ 14న భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌కు ముందు అహ్మదాబాద్‌లో అరిజిత్ సింగ్, శంకర్ మహదేవన్, సుఖ్వీందర్ సింగ్ పాడారు గాని, దాన్ని టీవీలో చూపలేదు. తొంభై ఏళ్ళుగా తెర ముందున్న ప్రేక్షకుడి కోసం మైదానాన్ని మార్చుకొంటూ వచ్చినవారు, ఆ రోజు అతణ్ణి గుమ్మం బయటే నిలబెట్టారు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగనున్నాయి. అప్పుడు జానపద కళాకారుల కోసం నిర్వాహకులు తప్పక వెతుకుతారు. కర్నూలు గొరవయ్య ఎలుగుబంటి వెంట్రుకల టోపీతో, డమరుకంతో ఆ మైదానంలోకి అడుగుపెడితే, ఆ డమరుకం అక్కడికక్కడే మోగుతోందా, రికార్డులో మోగుతోందా అన్నది తెర మీద రాయాలి. అతని పేరు, ఊరి పేరు కనబడాలి. అతను వాయించే ఆ నిమిషం పాటు వ్యాఖ్యాతలు మౌనంగా ఉండాలి. టీ అంగడి దగ్గర ఆ పెద్దాయన అడిగింది కూడా అంతకు మించి ఏమీ లేదు.